గుంట కాడ కాపలా

ఆ మధ్యాహ్నం రవి రెండుసార్లు చనిపోయాడు. మొదటి చావు తెరమీద జరిగింది గనుక ప్రేక్షకులు దానిని కేకలతో, ఈలలతో సత్కరించారు. రెండోది కుర్చీలో జరిగింది గనుక ఎవరూ గమనించలేదు.

రాయపూర్ ఇండోర్ స్టేడియంలో మహాకోసల్ వరల్డ్ కప్ సెమీఫైనల్ నడుస్తోంది. ఆట పేరు 'రెడ్ సెక్టర్'. ఐదుగురు ఐదుగురిని కాల్చి చంపుతారు. పూర్వం ఇంతటి కీర్తి సంపాదించాలంటే రాజులకు ఏనుగులు, గుర్రాలు, పొరుగువాడి పంటపొలాలు కావలసివచ్చేవి. నాగరికత ముదిరి ఇప్పుడు ఆ పని మౌసుతో అయిపోతోంది. స్థానిక జట్టు 'వ్యాగన్ వారియర్స్' కెప్టెన్ రవి, డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో పుట్టి, వ్యాగన్ వర్క్‌షాపు సైరన్ విని నిద్రలేస్తూ పెరిగిన యువకుడు, తూటా తగిలి తెరమీద కూలాడు. నియమం ప్రకారం తర్వాతి రౌండులో అతని బొమ్మ తుపాకీతో సహా లేచి నిలబడింది. రవి లేవలేదు.

అతని హెడ్‌సెట్ దిండులోంచి వెంట్రుకంత సూది చెవి వెనుక దిగింది. దవడ బిగుసుకుంది. నోటి నురుగు ఎర్రబడింది. వేళ్లు కీబోర్డును పీకినంత పని చేసి, విల్లులా వంగి, అలాగే ఆగిపోయాయి. తెరమీద అతని బొమ్మ గోడకు ముఖం పెట్టి నిలబడి ఉండగా, కామెంటేటర్ తియ్యని గొంతుతో నెట్‌వర్క్ సమస్య అని ప్రకటించింది. మిగిలిన నలుగురూ కెప్టెన్ చచ్చిపోయాడని తెలియక ప్రాణాలొడ్డి ఆడి, గెలిచి, అతన్ని కౌగిలించుకోబోయి, అప్పుడు అరిచారు.

*

నగరం నడిబొడ్డున 'వర్షపాత నమోదు ఉపకార్యాలయం' అనే బోర్డు ఉన్న భవనంలో వర్షాన్ని ఎవరూ కొలిచిన దాఖలా లేదు. పైకప్పు కారినప్పుడు బకెట్టు పెట్టడం మాత్రం ఉండేది. ఆ బకెట్టుకు ఎదురుగా చీఫ్ ఊర్మిళ కూర్చుని ఉంది.

"రండి, గూడ్స్. ఆలస్యమైంది."

గూడ్స్ అంటే ఏజెంట్ అమ్మిరాజు కోడ్ నేమ్. ఎంత ఆలస్యమైనా సరుకుతో వస్తాడని ఆ పేరు పెట్టామని డిపార్ట్‌మెంట్ అంటుంది. దారిలో ప్రతిదానికీ ఆగుతాడని సహోద్యోగులు అంటారు. భీమవరం మనిషి. మృదుభాషి. ముగ్గురు శత్రువులను ఉత్త చేతులతో గొంతు పిసికి చంపి, ముగ్గురికీ ముందుగా 'క్షమించాలండి' అని చెప్పినవాడు.

ఊర్మిళ బల్లమీద ఒక ఫొటో తోసింది. పాలిపోయిన ముఖం, ఎడమ చెవి తమ్మె లేదు.

"వాల్డెక్. ఆక్టేవ్ ముఠా."

"ఏ దేశపోడండి?"

"మూడు దేశాలు మావాడు కాదంటున్నాయి. కాబట్టి మూడింటికీ పనిచేశాడు. ప్రపంచంలో పెద్ద టోర్నమెంట్లన్నిటి మీదా పందేలు నడిపేది ఆక్టేవ్. రాయపూర్ ఓడిపోతుందని తమ పెద్దలకు మాటిచ్చారు. ఓడిపొమ్మని రవికి చెప్పారు. రవి ఒప్పుకోలేదు."

"ఇప్పుడు?"

"అతని చెల్లెలు లహరి అతని కుర్చీలో కూర్చుంటోంది. ఐదుగురు లేకపోతే ఫైనల్ హెల్సింకి జట్టుకు వాకోవర్. అయితే పందేలు మూసేది ఆట మొదలైన తర్వాతే. అంతకుముందు ఆ అమ్మాయి చనిపోతే పందేలన్నీ రద్దు. అందుచేత ఆట మొదలయ్యేదాకా ఆమెకు ఈగ వాలినా వాల్డెక్ తోలతాడు. మొదలయ్యాక వేదిక మీదే చంపుతాడు."

"ఆట రద్దు చేసేస్తే పోదాండి?"

"వాల్డెక్ ఇంకో దేశంలో ఇంకో కుర్చీ వెతుక్కుంటాడు. పైగా ఆ అమ్మాయి దిగనంటోంది. మీరు జట్టుకు కోచ్. వేదిక మీద మన మనుషులు నలుగురుంటారు, కెమెరావాళ్ల వేషంలో. వాళ్లెవరో ఎవరికీ చెప్పను. ఆక్టేవ్‌లో మన డబుల్ ఏజెంట్ ఒకరున్నారు. భావన. టోర్నమెంట్ హిందీ కామెంటేటర్."

"నెట్‌వర్క్ సమస్య అన్నావిడేనా అండి?"

"ఆవిడే. కవర్ కాపాడుకోవాలి గదా." ఊర్మిళ బల్లకింద నుంచి మెరిసే స్టీలు టిఫిన్ క్యారియర్ తీసింది. "కింది గిన్నె మూత తిప్పితే గది నిండా కళ్లు మండించే పొగ. మధ్య గిన్నె అడుగు తూటాను ఆపుతుంది."

"పై గిన్నెండి?"

"ఉప్మా. సెక్యూరిటీవాళ్లు తెరిచి చూస్తారు."

*

డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో అమ్మిరాజు పొందిన తొలి గాయం శత్రువు చేసినది కాదు. క్వార్టర్స్ సందులో ఇంటి నంబరు వెతుక్కుంటూ ఉండగా, ఒక గుమ్మంలోంచి ముసలావిడ కేకేసింది.

"బాబూ! ఎనక సూసుకో! గుంటొస్తంది!"

గోదావరి జిల్లాలో గుంట అంటే నేలలో ఉండే పల్లం. అది రాదు, మనమే దానిలోకి వెళ్తాం. అమ్మిరాజు శాస్త్రీయంగా నేలవైపు చూశాడు. గుంట ఎక్కడా కనబడలేదు. వెనకనుంచి స్కూటీ వచ్చి అతన్ని పిరుదుల మీద గుద్ది, తులసి కుండీ దాకా మోసుకుపోయింది.

"అరే అంకుల్! నాన్నమ్మ చెప్తంది గదా, హటో అని!" స్కూటీ మీద అమ్మాయి హెల్మెట్ తీసింది. లహరి. కళ్లకింద నల్లటి చారలు.

"గుంటొస్తందని సెప్పినాను," అంది ముసలావిడ దాలమ్మ, అతన్ని లేవదీస్తూ. "ఈడు కిందకి సూస్తాడేటి?"

శ్రీకాకుళం నుంచి వ్యాగన్ షాపు పనికి వచ్చి స్థిరపడిన ఆ కుటుంబాల తెలుగులో గుంట అంటే ఆడపిల్ల, గుంటడు అంటే మగపిల్లవాడు అని అమ్మిరాజు, నడుముకు వేడినీళ్ల కాపడం పెట్టించుకుంటూ తెలుసుకున్నాడు. తల్లీతండ్రీ లేని ఆ ఇద్దరినీ పెంచింది దాలమ్మే. గోడమీద రవి ఫొటో. దాని ముందు అతని మౌసు; తీగను చక్కగా చుట్టి పెట్టారు.

"సూడు బాబూ," అంది దాలమ్మ గొంతు తగ్గించి. "నువ్వు కోచ్‌వి కావని నాకు ఎరికే. కోచ్‌లకి అంత మెడుండదు. గుంటడిని తీసీసుకున్నారు. ఈ గుంటొక్కర్తే మిగిలింది. ఆట ఆడించు, ఓడించు, నాకనవసరం. గుంటని మాత్రం తిరిగి నా సేతిలో ఎట్టు."

"ఆయ్. పెడతానండి."

"ఎట్టకపోతే?"

అమ్మిరాజు జీవితంలో ఎందరో అతన్ని బెదిరించారు. ఏ బెదిరింపుకూ అతను ఇలా చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టలేదు.

లహరి రవి మౌసును చేతిలోకి తీసుకుంది. "అన్న కుర్చీ, అన్న మౌసు. వాడు హారీసి పోలేదు, నేనూ హారను, ఓడను. అంకుల్, మీకు మ్యాప్ యాద్ ఉందా? ఫైనల్ మ్యాప్?"

"ఉప్పు ఎడారి, ఓ పట్నం..."

"పూరా సపాట్. గొయ్యి లేదు, మెట్టు లేదు. దాక్కోడానికి జాగా లేదు. కోచ్ అంటే అంతైనా తెలవాలి."

అమ్మిరాజు వినయంగా కంఠస్థం చేశాడు. పూరా సపాట్. గొయ్యి లేదు.

*

భావనను అతడు తేలీబాంధా చెరువు గట్టున కలిశాడు. నీలి పట్టుచీర, నల్లకళ్లద్దాలు. ఆమె దాటిపోతుంటే జాగింగ్ చేసేవారు దారి మరిచి రెయిలింగులను ఢీకొంటున్నారు.

"ఖారున్ నదిలో మొసళ్లున్నాయా అండి?" అన్నాడు అమ్మిరాజు. అది కోడ్.

"ఉన్నవన్నీ ఒడ్డెక్కాయి," అంది భావన. అదీ కోడే. కళ్లద్దాలు తీసింది. "రవి మరణం నన్ను నిద్రపోనివ్వడం లేదు, అమ్మిరాజుగారూ. నేనూ ఆ కాలనీ బిడ్డనే. మా తాతగారు వ్యాగన్ షాపులో ఫిట్టరు. ఆ తెలుగు నాకు ఉగ్గుపాలతో వచ్చింది."

ఆమె మాట్లాడిన తెలుగు పాఠ్యపుస్తకంలోంచి ఇస్త్రీ చేసి తీసినట్టుంది. అమ్మిరాజు ఆ సంగతి గమనించలేదు. అందగత్తెల వ్యాకరణాన్ని పరీక్షించే శిక్షణ డిపార్ట్‌మెంట్ అతనికి ఇవ్వలేదు.

"వాల్డెక్ తిల్దాలో ఉన్నాడు. స్టేషన్ అవతల మూతపడ్డ రైసు మిల్లులో. మధ్యాహ్నం వాచ్‌మన్లు భోజనానికి పోతారు. అప్పుడు వెళ్లండి. ఆయుధముందా?"

అమ్మిరాజు టిఫిన్ క్యారియర్ పైకెత్తి చూపించాడు, కొంచెం గర్వంగా. ఆమె నవ్వింది.

*

తిల్దా మిల్లులో ధాన్యం లేదుగాని ఊక కొండలా ఉంది. పైకప్పు రంధ్రాల్లోంచి ఎండ బరిసెల్లా దిగుతోంది. అమ్మిరాజు లోపల అడుగుపెట్టగానే వెనుక షట్టర్ దభీమని పడింది.

"ఠక్కర్ మత్ లో. వో స్టీల్ కా డబ్బా నీచే రఖ్," అంది ఒక గొంతు. అంటే, ఎదురు తిరగకు, ఆ స్టీలు డబ్బా కింద పెట్టు.

ఇద్దరు. ఒకడి చేతిలో తుపాకీ, మరొకడి చేతిలో హమాలీలు బస్తాలకు వేసే ఇనుప కొక్కెం. అమ్మిరాజు చెయ్యెత్తి లొంగిపోయినట్టు వంగి, డబ్బా కిందపెడుతూ కింది గిన్నె మూత తిప్పాడు. తెల్లటి పొగ లేచింది. తుపాకీ పేలింది. మధ్య గిన్నె అడుగు తూటాను ఆపింది. ఆ విషయంలో డిపార్ట్‌మెంట్ నిజమే చెప్పింది. ఆ దెబ్బకు మణికట్టు బెణుకుతుందని మాత్రం చెప్పలేదు.

"క్షమించాలండి," అని అమ్మిరాజు దగ్గుతున్న తుపాకీవాడి మోకాలిని పక్కనుంచి తన్నాడు. ఎముక ఎండుకట్టెలా విరిగింది. పడుతున్నవాడి తలను ధాన్యం ఎత్తే ఎలివేటర్ ఇనుపచట్రానికి రెండుసార్లు కొట్టాడు. రెండోసారి చప్పుడు మారింది. అప్పటికే కొక్కెం అతని భుజంలో దిగింది. కొక్కెంవాడు బస్తాను లాగినట్టు అతన్ని నేలమీద ఈడ్చుకుపోతుంటే ఊకమీద ఎర్రటి చాలు పడింది. అమ్మిరాజు వాడి చీలమండను పట్టుకున్నాడు. ఇద్దరూ ఊకకొండలోకి దొర్లారు. ఊక నీళ్లలాంటిది, ఈత రానిది. కొట్టుకున్నకొద్దీ లోపలికి పోతారు. నోట్లో, ముక్కులో, కళ్లలో ఊక. అమ్మిరాజు ఊపిరి బిగబట్టి, వాడి గొంతుమీద మోచేయి ఆన్చి, కింద కదలిక ఆగిపోయేదాకా ఆగాడు. ఆగడం గూడ్స్ బండికి అలవాటే.

వాల్డెక్ అక్కడ లేడు. ఎన్నడూ లేడు.

సాయంత్రం వర్షపాత కార్యాలయంలో ఊర్మిళ స్వయంగా అతని భుజానికి కుట్లు వేసింది.

"వాళ్ల మొదటి మాటే డబ్బా కింద పెట్టమనండి," అన్నాడు అమ్మిరాజు పళ్లు బిగించి. "అది ఆయుధమని తెలిసినోళ్లు ముగ్గురేనండి. రోజూ అందులో ఉప్మా వండి నింపుతున్న దాలమ్మగారు. భావనగారు. మీరు."

"నన్ను అనుమానించారా?"

"ఆయ్. రూలు ప్రకారం తిల్దా నుంచి ఉర్కురా స్టేషన్ దాకా అనుమానించానండి. ఆ తర్వాత మానేశాను."

"భావనే అయితే సాక్ష్యం?"

"లేదండి."

"అయితే ఆమె చెవిలో రేడియో తీయలేం. తీస్తే వాల్డెక్‌కు తెలిసిపోతుంది." సూది కసిక్కున దిగింది. "రేపు నలుగురమే లైన్లో. మీరు, నేను, దాలమ్మ, భావన. తెలుగులోనే మాట్లాడండి. వాల్డెక్ విన్నా అర్థంకాదు."

*

ఫైనల్ మధ్యాహ్నం మొదలైంది. స్టేడియం ఊగిపోతోంది. ధర్సీవా ఫ్యాక్టరీల నుంచి షిఫ్టు ఎగ్గొట్టి వచ్చినవారు, రైల్వే కాలనీల నుంచి కుటుంబాలతో సహా వచ్చినవారు, వీడియోగేమ్ అంటే ఏమిటో తెలియకపోయినా రాయపూర్ గెలవాలని మాత్రం తెలిసినవారు. వేదికమీద రెండు వరుసల బల్లలు. లహరి అన్న కుర్చీలో, అన్న మౌసుతో. బయటి చప్పుడు వినబడకుండా ఆటగాళ్ల చెవులకు మందపాటి హెడ్‌సెట్లు. లహరి హెడ్‌సెట్‌ను అమ్మిరాజు ఉదయం విప్పి, పిండి, తన చెవికి పెట్టుకుని, ఆఖరికి నాకి కూడా చూశాడు. కుర్చీని తలకిందులు చేశాడు. మౌసును ఎక్స్‌రే తీయించాడు. ఎక్కడా ఏమీ లేదు.

ఏమీ లేకపోవడమే అతన్ని భయపెట్టింది.

దాలమ్మ జట్టుకు మంచినీళ్లిచ్చే మనిషిగా వేదిక పక్కన కూర్చుంది; కెమెరావాళ్ల వేషంలో ఉన్న నలుగురెవరో ఊర్మిళ ఆ ఉదయం ఆమె ఒక్కదానికే చూపించింది. ఊర్మిళ ప్రేక్షకుల్లో, బుగ్గలకు రంగు పూసుకుని, 'రాయపూర్ జిందాబాద్' అట్ట పట్టుకుని ఉంది. భావన ఎత్తయిన అద్దాల గదిలో, ఎర్రచీరలో, మైకు ముందు వెలిగిపోతోంది.

రెండు జట్లూ సమానంగా నిలిచి, ఆట చివరి రౌండుకు వచ్చింది. అమ్మిరాజు కోచ్ కుర్చీలోంచి పెదవి కదపకుండా అన్నాడు: "దాలమ్మగారూ. పరిస్థితేంటండి?"

శెనగగింజంత రేడియోలో నలుగురి చెవుల్లోనూ దాలమ్మ గొంతు పలికింది.

"మనోలందరూ గుంట కాడే ఉన్నారు బాబూ. నలుగురుకి నలుగురూ. గుంటని ఒదిలి ఒక్కడూ కదల్నేదు. ఎవుడొచ్చినా పేనాలతో పోడు."

అమ్మిరాజు నిట్టూర్చాడు. అమ్మాయి చుట్టూ మనవాళ్లున్నారు. సరే.

అప్పుడు స్పీకర్లలో భావన గొంతు ఒక్కసారి హెచ్చింది.

"ఔర్ యే దేఖియే! గడ్డే మే పూరీ ఫౌజ్ బైఠీ హై! గడ్డే కీ తరఫ్ మత్ జాయియే! లడ్కీ బిల్కుల్ అకేలీ హై! పీఛే సే, పీఛే సే!"

జనం హోరెత్తారు. కామెంటరీ అంటే అలాగే ఉంటుంది. గొయ్యి నిండా సైన్యం కూర్చుంది, గొయ్యివైపు వెళ్లకండి, అమ్మాయి ఒంటరిగా ఉంది, వెనకనుంచి రండి. ఆటలోని మాటలే గదా.

అమ్మిరాజు తెరమీది మ్యాప్ వైపు చూశాడు. గడ్డా? గొయ్యా? పూరా సపాట్, అంకుల్. గొయ్యి లేదు, మెట్టు లేదు.

మ్యాప్‌లో గొయ్యి లేదు. దాలమ్మ మాటలో కూడా గొయ్యి లేదు. 'గుంట' విని దాన్ని గొయ్యి చేసేవాళ్లు ఈ రాయపూర్‌లో ఇద్దరే ఉంటారు. ఒకడు వారం క్రితం తులసి కుండీ మీద పడ్డాడు. రెండో మనిషి ఆ కాలనీలో ఉగ్గుపాలు తాగానని చెప్పుకుంది. మహామహా గూఢచారులు మహామేధతో ఛేదించవలసిన రహస్యాన్ని అమ్మిరాజు ఆ విధంగా తన అజ్ఞానంతో ఛేదించాడు.

వెంటనే రెండో ఆలోచన మొదటిదాన్ని తరుముకొచ్చింది. తమకు తెలియని గొయ్యి ఒకటి ఈ వేదిక దగ్గరే ఉంది. వాల్డెక్ అందులోంచి రావలసినవాడు. దానిలో సైన్యముందని విని ఇప్పుడు దారి మార్చుకున్నాడు.

వెనకనుంచి వస్తున్నాడు.

"గుంట వెనకాల!" అని అరుస్తూ అమ్మిరాజు లేచాడు. "అమ్మాయి వెనకాల! వెనకాల!"

ఎల్ఈడీ తెరల మధ్య నల్లటి రిఫరీ చొక్కాలో ఒకడు బయటపడ్డాడు. ఎడమ చెవికి తమ్మె లేదు. ఒంటరిగా ఉందనుకున్న అమ్మాయి వైపు తొందరపడకుండా నడిచాడు. ఆ తొందరలేనితనమే అతన్ని మొదటి కెమెరామన్ చేతుల్లో పడేసింది. కెమెరామన్ కెమెరా వదిలి మెడ పట్టుకున్నాడు. వాల్డెక్ తిరగకుండానే కత్తిని వెనక్కి పొడిచాడు. కెమెరామన్ రెండు చేతులూ కడుపుకు అడ్డంపెట్టుకుని కూర్చున్నాడు, వేళ్ల మధ్యనుంచి రక్తం చిమ్ముతుండగా. రెండోవాడి ముఖంమీద కత్తి అడ్డంగా పోయింది. మూడోవాడు వాల్డెక్ కత్తిచేతిని పట్టుకుని, పళ్లతో కొరికి, కత్తి పడిపోయేదాకా వదలలేదు. దానికి వెలగా తన ముక్కునూ ముందు పళ్లనూ ఇచ్చుకున్నాడు. నాలుగోవాణ్ణి వాల్డెక్ మోకాలితో తన్ని స్పీకరు మీదకు విసిరాడు. ప్రేక్షకులు ఇదంతా ప్రత్యేక ప్రదర్శన అనుకుని లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

లహరి వెనక్కి చూడలేదు. చెవుల్లో హెడ్‌సెట్. తెరమీద ఆమె ఒక్కతే మిగిలింది; హెల్సింకి వైపు ఒక్కడు మిగిలాడు.

వాల్డెక్ జేబులోంచి మౌసుతీగ తీసి, రెండు చేతులకూ చుట్టుకుని, ఆమె తలమీదుగా దించాడు.

తీగ బిగిసింది. బిగిసింది ఆమె గొంతుకు కాదు. మధ్యలో అమ్మిరాజు ఎడమచెయ్యి దూరింది. తీగ చర్మాన్ని, కండను దాటి ఎముక దగ్గర ఆగింది. వేడి రక్తం లహరి మెడమీద కారింది.

"కోచ్ సాబ్, ఛోడో నా!" అని అరిచింది లహరి తెరనుంచి కళ్లు తీయకుండా, మెడమీద చెయ్యిని భుజంతో తోస్తూ. "రౌండ్ నడస్తంది! తర్వాత ఏడుద్దురుగాని!"

అమ్మిరాజు కుడిచేతిలో టిఫిన్ క్యారియర్‌లో మిగిలింది పై గిన్నె ఒక్కటే. మూత పళ్లతో ఊడదీసి, పొగలు కక్కుతున్న ఉప్మాను వాల్డెక్ కళ్లలో కొట్టాడు. ప్రపంచ గూఢచారి చరిత్రలో బొంబాయిరవ్వ నిర్వహించిన పాత్రను ఇంతవరకు ఎవరూ సరిగా అంచనా కట్టలేదు. వాల్డెక్ ఊళపెట్టి తీగ వదిలాడు. అమ్మిరాజు ఖాళీ గిన్నె అంచుతో అతని కణతమీద కొట్టాడు, మళ్లీ కొట్టాడు, గిన్నె సొట్టపోయేదాకా కొట్టాడు. ఇద్దరూ కలబడి బల్ల పక్కన కార్పెట్ మీద పడ్డారు.

కార్పెట్ కింద నేల లేదు.

చెక్కమూత విరిగింది. ఇద్దరూ చీకట్లోకి జారారు. కేబుళ్లు పరిచిన లోతైన గొయ్యి. దానికి పైకప్పు లహరి పాదాల కిందిదాకా సాగింది. వాల్డెక్ ముందు పడ్డాడు, కేబుళ్లను బిగించిన ఇనుప బద్దల మీద. ఒక బద్ద అతని వీపులో దిగి రొమ్ములోంచి వచ్చింది. అమ్మిరాజు అతని మీద పడ్డాడు. అది అతనికి మేలు చేసింది, వాల్డెక్‌కు చేయలేదు.

వాల్డెక్ కళ్లు కష్టంమీద అటూ ఇటూ తిరిగాయి. సైన్యం కోసం వెతికాయి. గొయ్యిలో ఒక్క మనిషి లేడు. ఒక్క బూటు జాడ లేదు. అతని ముఖంలో నొప్పికంటే అవమానం ఎక్కువగా కనబడింది, అలాగే ఉండిపోయింది.

"క్షమించాలండి," అన్నాడు అమ్మిరాజు, అలవాటుగా.

పైన ఒకే ఒక్క తుపాకీ చప్పుడు. తర్వాత స్టేడియం పైకప్పు లేచిపోయినంత కేక. లహరి కాల్చింది. హెల్సింకివాడి బొమ్మ ఉప్పునేలమీద కూలింది. రాయపూర్ గెలిచింది.

అద్దాల గదిలోంచి భావన అప్పటికే బయటపడింది. లిప్‌స్టిక్ పిస్తోలు చేతిలో ఉంది. ఆమె ముందు రెండు దారులు. వేదికకింద గొయ్యిలోంచి సరుకుల గేటుకు పోయే మెట్లు ఒకటి. అక్కడ కాపలా లేదు, తాళం లేదు, గాలి కూడా చల్లగా వస్తోంది. కాని గొయ్యి నిండా సైన్యముందని ఆమె తన చెవులతో విన్నది. అందుచేత తెలివిగా జనం మధ్యనుంచి పరిగెత్తింది. 'రాయపూర్ జిందాబాద్' అట్ట వెనకనుంచి ఊర్మిళ పిస్తోలు పేలింది. ఎర్రచీర మోకాలి దగ్గర ఇంకా ఎర్రబడింది. భావన కుర్చీల మధ్య కుప్పకూలింది.

ఆమె చేతులకు బేడీలు పడేసరికి అమ్మిరాజు ఎడమచేతికి తువ్వాలు చుట్టుకుని, దాలమ్మ భుజం ఆనుకుని కుంటుతూ వచ్చాడు.

"ఆ గొయ్యి సంగతి మీకెలా తెలిసింది?" అంది భావన పళ్లబిగువున. "దాని మ్యాపు నేనే తగలబెట్టాను."

"మాకు తెలీదండి."

"అబద్ధం. గుంట కాడ మనోళ్లున్నారని ఈవిడ చెప్పింది. నేను విన్నాను."

దాలమ్మ ఆమెను జాలిగా చూసింది.

"ఓలమ్మా! గుంటంటే మా లహరి. గొయ్యిని గొయ్యంటారు గానీ గుంటంటారేటి? మీ తాత ఏ షాపులో ఫిట్టరే?"

వేదికమీద లహరి హెడ్‌సెట్ తీసింది. మెడ తడిమి, వేళ్లకు అంటిన రక్తం చూసి, నెమ్మదిగా వెనక్కి తిరిగింది. విరిగిన చెక్కలు, పడివున్న మనుషులు, ఉప్మా. ట్రోఫీ ఇస్తుంటే తీసుకోలేదు. అన్న మౌసును గుండెకు అదుముకుని, మెట్లు దిగి, దాలమ్మ ఒడిలో తలపెట్టి ఏడ్చింది. అమ్మిరాజు లెక్క ప్రకారం సరుకు డెలివరీ అయింది.

*

రేడియో సంభాషణను డిపార్ట్‌మెంట్ ఢిల్లీకి పంపింది. ఢిల్లీ అనువాద విభాగం దానిని నిఘంటువు ముందేసుకుని, ఎంతో శ్రద్ధగా హిందీ చేసింది. కెమెరావాళ్లలో ముగ్గురు కోలుకుని, కడుపులో కత్తి దిగిన మొదటి అతని అంత్యక్రియలు సైనిక మర్యాదలతో జరిగి, అమ్మిరాజు ఎడమచెయ్యి మళ్లీ కాఫీ గ్లాసు పట్టుకోగలిగిన రోజుల్లో ప్రశంసాపత్రం వచ్చింది. దాలమ్మ ఇంట్లో, రవి ఫొటో కింద కూర్చుని, లహరి దాన్ని బిగ్గరగా చదివి తెలుగు చేసింది.

"'రాయపూర్‌లోని ఒక ప్రాచీన గొయ్యిని ప్రాణాలకు తెగించి కాపాడినందుకు ఏజెంట్ గూడ్స్‌కు పతకం.'" ఆమె ఆగింది. పెదవులు వణికాయి. అన్న పోయాక మొదటిసారి, ఏడుపు కాని కారణంతో. "అంకుల్, గొయ్యి అంటే నేనే!"

"ఇంకా ఉందండి," అన్నాడు అమ్మిరాజు గంభీరంగా. "కింద చదవండి."

"'సదరు గొయ్యిలో భవిష్యత్తులో ఎవరూ పడకుండా దాని చుట్టూ తక్షణం ఎత్తయిన కంచె వేయించవలసింది.'"

దాలమ్మ వంటింట్లోంచి తల బయటపెట్టింది, చేతిలో అట్లకాడతో.

"కంచా? ఈ గుంటకా? ఏసి సూడమను!"